గోడ బొజ్జ దగ్గర పాట

జూన్ 4

నా పాట పోయింది.

ఫోన్‌లోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ పొద్దున వంటింట్లోకి వెళ్తే తోడికోడలు దాన్నే పెట్టుకుని గిన్నెలు తోముతోంది. డప్పులతో మొదలై ఊపిరాడనివ్వని ఆ పాటని వెతికి పట్టుకున్నది నేను. రెండేళ్ళుగా నన్ను మంచం దింపేది అదే. డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు అరగదీస్తూ కూర్చునే ఓపిక ఇచ్చేదీ, ఆదివారం క్లైంబింగ్ హాల్లో గోడ ఎక్కించేదీ అదే. మా మరిదిని చేసుకుని వచ్చి ఏడాది కాలేదు, ఈవిడకి అప్పుడే అన్నీ నావే కావాలి.

అక్కా, నీ పాట వింటే ఒంట్లోకి కరెంట్ వస్తోంది, అంది. నవ్వాను. నవ్వక ఏం చేయను.

జూన్ 8, ఆదివారం

గోడ దగ్గరికి కూడా వచ్చేసింది. నేనే తీసుకెళ్ళాను. ఇంట్లో ఏమీ తోచదు పాపం అని మా ఆయన జాలి.

మా హాల్లో ఎక్కేవాళ్ళ పాటే స్పీకర్‌లో వస్తుంది. ఇయర్‌ఫోన్స్ కుదరవు, కింద తాడు పట్టుకున్న మనిషి మాట వినపడాలి. తాడు పట్టుకున్నాక రెండు చేతులూ తాడు మీదే ఉండాలి, ఫోన్ ముట్టకూడదు. అందుకని కిందివాళ్ళు పాటలు ముందే వరసగా పెట్టి ఉంచుతారు. ఏం పాట కావాలని అడిగాను. నీదే, అంది.

మొదటిసారే బొజ్జ దాకా వెళ్ళింది. గోడ మధ్యలో బయటికి పొడుచుకొచ్చిన చోటుని మేం బొజ్జ అంటాం. అక్కడికి చేరడానికే నాకు ఆర్నెల్లు పట్టింది. దాటడం ఇప్పటికీ రాలేదు.

కోచ్ ఆమెకి చప్పట్లు కొట్టాడు. నాకు ఎప్పుడైనా కొట్టాడా? కొట్టి ఉంటే గుర్తుండేది.

జూన్ 11

కడుపులో మంట. తిన్నది అరక్క కాదు.

జూన్ 19

అత్తగారు ఫోన్‌లో వాళ్ళ చెల్లెలికి చెబుతున్నారు, మా చిన్న కోడలు బల్లిలాగా గోడలెక్కేస్తోందే అని. ఎంత మురిపెమో. నేను ఎక్కడం మొదలుపెట్టినప్పుడు, ఈ వయసులో ఎముకలు విరగ్గొట్టుకుంటావా అన్నదీ ఈవిడే.

ల్యాబ్‌లో పాట పెట్టుకున్నాను. కరెంట్ రాలేదు. డప్పులు వినపడగానే గోడ మీద ఆమె కాళ్ళే కళ్ళ ముందు. చూసుకోకుండా ఒక పన్ను ఎక్కువ అరగదీశాను. అలాగే పంపిస్తే ఎవరో పెద్దాయన జన్మంతా వంకర నవ్వు నవ్వాలి. మళ్ళీ చేశాను.

జూన్ 22

వచ్చే నెల కోచ్ ఒక బ్యాచ్‌ని కొండకి తీసుకెళ్తాడట. ప్లాస్టిక్ పట్టులు కాదు, నిజం రాయి. ఒక్కరికే చోటుంది. వచ్చే ఆదివారం మా ఇద్దరిలో ఎవరు బొజ్జ దాటి పైన గంట కొడితే వాళ్ళకి. ఆ రాయిని ఒక్కసారి ముట్టుకోవడం కోసమే నేను ఇన్నాళ్ళూ ఈ గోడని పట్టుకుని వేలాడుతున్నాను.

దారిలో ఆమె, నువ్వే వెళ్ళాలి అక్కా, అంది. అంత మంచితనం ఎవరడిగారు?

జూన్ 28, సాయంత్రం 5

ఒక ఆలోచన వచ్చింది. మంచిది కాదు.

మా అమ్మాయిని పసితనంలో నిద్రపుచ్చడానికి పెట్టిన వేణువు ముక్క ఇంకా ఫోన్‌లో ఉంది. వింటే నాకే ఆవలింతలు వస్తాయి. నా పాట అయిపోయేసరికి ఆమె బొజ్జ కిందికి చేరుతుంది. మళ్ళీ డప్పులు మొదలవగానే పైకి దూకుతుంది. పోయిన వారం వేళ్ళు పై పట్టుకి తగిలాయి కూడా.

డప్పులు రాకపోతే?

జూన్ 29

ముందు నా వంతు. డప్పులు, రయ్యిమని వెళ్ళాను, బొజ్జ దగ్గర గుండె డప్పుల్ని మించి కొట్టుకుంది, రసం పిండుతున్నట్టు పట్టుని పిసికాను, చేతులు బిగుసుకుపోయాయి, పడ్డాను. ఎప్పటిలాగే.

తరవాత ఆమె. తాడు మాత్రం సరిగ్గానే పట్టుకున్నాను, అంత పాపిష్ఠిదాన్ని కాదు. బొజ్జ కిందికి చేరింది. డప్పులు ఆగాయి. వేణువు మొదలైంది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కిందికి, నా వైపు చూసింది. నా చెవులు కాలిపోయాయి.

ఇక రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆమె ఒక చెయ్యి వదిలి విదిలించుకుంది. తరవాత రెండోది. సోఫాలో కూర్చున్నట్టు నింపాదిగా ఊపిరి పీల్చుకుంది. కాలు పక్కకి జరిపి, మెల్లగా బొజ్జ మీదికి లేచి, వెళ్ళి గంట కొట్టింది.

కోచ్ వచ్చి నా వీపు తట్టాడు. అక్కడ తొందరపడొద్దని తను నెత్తీ నోరూ కొట్టుకున్నా ఎవరి బుర్రకీ ఎక్కలేదట, పాటతో చెప్పాలని నాకే తట్టిందట. అందరి చేతా నాకు చప్పట్లు కొట్టించాడు.

ఇన్నాళ్ళకి వచ్చాయి చప్పట్లు. దీనికి.

జూలై 1

ఇంట్లో నేను దేవతనైపోయాను. అక్క తన చోటు వదులుకుని నన్ను ఎక్కించింది అని తోడికోడలు కనిపించిన వాళ్ళందరికీ చెబుతోంది. అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు.

జూలై 3

చెప్పేశాను. ఇద్దరం దుప్పట్లు ఆరేస్తుంటే, నువ్వు పడిపోవాలనే పెట్టాను అన్నాను.

తెలుసు, అంది. పైనుంచి నీ మొహం చూశాను కదా అక్కా, అంది. మరి అందరికీ అలా ఎందుకు చెబుతున్నావని అడిగాను. నిన్ను ఉడికిద్దామని, అంది. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి, గట్టిగా పిండమంది.

ఇందులోనూ నన్ను మించిపోయింది.

జూలై 6

రేపు ఆమె కొండకి వెళ్తుంది. ఈరోజు గోడ దగ్గర ఫోన్ ఆమెకి ఇచ్చాను. ఏం పాట కావాలంది. నీ ఇష్టం అన్నాను. అనేసి, నడుముకున్న ముడి ఇంకోసారి చూసుకున్నాను.

బొజ్జ కింద డప్పులు ఆగాయి. తరవాత ఏమీ రాలేదు. ఆమె ఏమీ పెట్టలేదు. నా ఊపిరి నాకు వినపడింది.

ఒక చెయ్యి వదిలాను.