వంటింటి గాలి

బావగారూ,

మీరు దొంగ. వంటింటి పొగను బయటికి పంపే పైపు ఊడదీసి కారుకి బిగించుకున్నారు. అడిగితే, "ఇంజిన్ వేడిగాలి పీలిస్తే నీరసపడుతుంది బావా, బంపర్ వెనకనుంచి చల్లగాలి అందాలి" అని నాకే పాఠం చెప్పారు. ఒప్పుకున్నాను. మరి కిటికీ లేని ఆ గదిలో పొయ్యి ముందు నిలబడే మా చెల్లెలు ఏం పీల్చాలి? మీ ఇంట్లో ఇంజిన్‌కున్న హక్కు ఇల్లాలికి లేదన్నమాట. నిన్న ఫోన్లో దాని మాటకంటే దగ్గే ఎక్కువ వినిపించింది. "ఆయన ముచ్చటపడ్డారన్నయ్యా, పోనీలే" అంది. నేను పోనివ్వను.

నా డిమాండ్లు:

పైపు తిరిగి వంటింట్లో బిగించాలి.

చెల్లెల్ని డాక్టర్‌కి చూపించాలి, ఆ కారులోనే.

కారుకి వేరే పైపు కొనుక్కోవాలి.

ఇవన్నీ అయ్యేదాకా వంట మీరే చెయ్యాలి.

మీ బావమరిది