కొండ దారికి కంచె

నవంబర్ 9, ఆదివారం

అన్నయ్యకి,

నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి. రాయలేను, క్షేమంగా లేం. నువ్వూ వదినా పిల్లలూ బాగుండాలి.

నిన్న నీ ఆఫీసుకొచ్చాను. మీటింగులో ఉన్నావని చెప్పించావు. అద్దాల తలుపు వెనక నువ్వు తీరిగ్గా టీ తాగుతూ కనిపించావు. రెండు ముక్కలు మొహం మీద చెప్పి పంపినా ఈ ఉత్తరం తప్పేది.

అమ్మ పోయాక నాన్న ఎలా అయిపోయాడో నువ్వు ఫోన్లో విన్నావు, నేను కళ్లారా చూశాను. జీవితమంతా బస్సు నడిపిన మనిషి గోడవైపు కుర్చీ తిప్పుకుని కూర్చున్నాడు. మాత్ర వేసినా నిద్ర లేదు. ఒకరోజు బలవంతాన కొండ దారికి లాక్కెళ్లాను. మొదటి మలుపులోనే బండ మీద కూలబడి, "నన్ను చంపడానికే తెచ్చావే" అని తిట్టాడు. తిట్టినందుకు నాకెంత సంతోషమో! అన్నాళ్లకు నోరు విప్పాడు మరి.

ఆ తర్వాత రోజూ వెళ్లగా వెళ్లగా, నడకలో నేనే వెనకబడ్డాను. ప్రతి మలుపుకీ ఒక స్టాపు పేరు పెట్టాడు. తేనెపట్టు స్టాపు, జారుడుబండ స్టాపు. ఆయాసపడుతూ ఎక్కేవాళ్లని చూసి "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరిచి నవ్వించేవాడు. పైకెళ్లాక గాలికి చొక్కా ఉబ్బుతుంటే కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఇంటికొచ్చి కంచం ఖాళీ చేసి, మాత్ర ఊసెత్తకుండా గురకపెట్టేవాడు.

సరిగ్గా ఆ దారి మొదట్లోనే మీ కంపెనీ గెస్ట్‌హౌస్ కోసం ముళ్లకంచె వేయించావు. పైవాళ్ల మీదకి నెట్టకు, ప్లానులో ఆ కంచె గీత గీసింది నువ్వే. ఫోన్ చేస్తే "దీనికింత రాద్ధాంతమా? ట్రెడ్‌మిల్ కొనిస్తాలే, ఇంట్లోనే నడుస్తాడు" అన్నావు. దాని మీద తేనెపట్టు స్టాపు ఎక్కడొస్తుందో చెప్పు! నాన్న ఆ తీగ పట్టుకుని చాలాసేపు నిలబడి, ఇంటికొచ్చి మళ్లీ మాట మానేశాడు.

కంచె మొత్తం పీకమనను. మనిషి పట్టేంత సందు వదులు. వదలకపోతే తీగ కత్తిరించడం నాకూ వచ్చు. నీ కాపలావాళ్లని పిలుచుకో.

ఇట్లు,
కడుపు మండిపోతున్న
నీ చెల్లెలు

తా.క.: కంచె నీదని నాన్నకి చెప్పలేదు. నిన్న నీ దగ్గరికి బయల్దేరుతుంటే, ఇన్ని రోజుల తర్వాత మాట్లాడాడు. "పెద్దోడు ఇంజనీరు కదా, వాడికి చెప్పు. వాడొక్క మాటంటే తీసేస్తారు" అన్నాడు. తిరిగొచ్చి, నువ్వు సరేనన్నావని అబద్ధం చెప్పాను. పొద్దున్నుంచీ బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు.