ఇంట్లోనే ఇండెంట్

మణుగూరు, 2వ తారీఖు

బొగ్గుగని స్టోర్ కీపర్ జయప్రకాశ్ గారికి, కన్నకూతురు సాహిత్య పళ్ళు నూరుతూ రాయునది.

నిన్న అన్నాల దగ్గర కంప్యూటర్ అడిగితే "నోటిమాట నా దగ్గర నడవది. ఇండెంట్ రాసియ్యి, చూస్త" అన్నారు. ఇరవై తొమ్మిదేళ్ళు బోల్టులు కావాలనీ బేరింగులు కావాలనీ రాసిచ్చే ఇండెంట్లు తీసుకుని, కూతురు కూడా మీకొక డిపార్టుమెంటైపోయింది. సరే, రాస్తున్నాను. ఇక నోటితో ఒక్క ముక్క మాట్లాడను.

నాకు ఎడిటింగ్‌కీ గేమింగ్‌కీ పనికొచ్చే కంప్యూటర్ కావాలి. నెలరోజులు వెతికి ఎంచుకున్న ప్రాసెసర్ కంపెనీ పేరు, మోడల్ నంబరు కింద రాశాను. దానికి సరిపడే మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై నంబర్లు కూడా రాశాను. ఖమ్మంలో స్టూడియో నడిపే సుజనక్క పెళ్ళి వీడియోల పని నాకిస్తానంది. మొదటిది రామక్క కూతురి పెళ్ళి. ఇరవై ఐదుకల్లా ఇవ్వకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. నా పాత ల్యాప్‌టాప్‌లో పెళ్ళికొడుకు తాళి ఎత్తి పావుగంట అలాగే నిలబడుతున్నాడు.

ఇట్లు,
పక్కగది సాహిత్య

తా.క.: "మీరు" అన్నది గౌరవంతో కాదు, కోపంతో.

తా.క. 2: ఇది మోసింది నేను, సాహిత్య అమ్మ హైమను. ఆ గదికెల్లి ఈ గదికి పదకొండు అడుగులు. నాకు చార్జీలు ఎవరిస్తరు?

మణుగూరు, 4వ తారీఖు

ఇండెంటర్ సాహిత్యకు, స్టోర్ కీపర్ జయప్రకాశ్ ఆశీర్వదించి, అభ్యంతరాలు తెలియజేయునది.

కంపెనీ పేర్లూ మోడల్ నంబర్లూ రాశావు. పేరు రాస్తే ఆ కంపెనీకి మేలు చేసినట్టే. రేపు ఆడిట్ వాళ్ళు నా మెడ పట్టుకుంటారు. అన్నీ కొట్టేశాను. "దానికి సరిపడే" అన్న మాట కూడా ఎవరికో సైగ చేసినట్టుంది, కొట్టేశాను. గేమింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నా సర్వీసులో క్యారమ్ బోర్డు కూడా శాంక్షన్ చేయలేదు.

మూడు కొటేషన్లు పిలుస్తున్నాను. ఏ వస్తువు ఎవరి దగ్గర తక్కువైతే అది వాళ్ళ దగ్గరే కొంటాను. బ్యాంకు కోచింగ్ మధ్యలో మానేశావన్న కోపం నాకు ఇంకా ఉంది. అది కూడా ఫైల్లో నమోదు చేశాను.

ఇట్లు,
జయప్రకాశ్

తా.క.: నీ ఉత్తరానికి ఎడమపక్క మార్జిన్ లేదు. ఫైల్లో పెట్టడానికి పంచ్ కొడితే ఆ చిల్లులో పెళ్ళికొడుకు పోయాడు.

మణుగూరు, 12వ తారీఖు

స్టోర్ కీపర్ గారికి, ఒళ్ళు మండుతున్న సాహిత్య రాయునది.

సరుకు ముట్టింది. ప్రాసెసర్ ఖమ్మం నుంచి, బోర్డు కొత్తగూడెం నుంచి, పవర్ సప్లై భద్రాచలంలో ఎవరో టీవీ మెకానిక్ దగ్గర నుంచి వచ్చాయి. ప్రాసెసర్ ఒక కంపెనీది. బోర్డు ఇంకో కంపెనీ ప్రాసెసర్ కోసం చేసింది. ఇది అందులో కూర్చోదు! మీరు కొట్టేసిన "దానికి సరిపడే" అంటే ఇదే. ఆటకని గ్రాఫిక్స్ కార్డు అసలే తెప్పించలేదు. వీడియో పనికి కూడా అదే కావాలి మహాప్రభో. మీ గనిలో ఒక కంపెనీ డంపర్ లారీకి ఇంకో కంపెనీ ఇంజను పెడతారా?

ఇట్లు,
పదమూడు రోజులే మిగిలిన సాహిత్య

తా.క.: "జర గట్టిగ ఒత్తి చూడనా?" అని అమ్మ అడిగింది. ఇవ్వలేదు.

మణుగూరు, 14వ తారీఖు

ఇండెంటర్‌కు, జయప్రకాశ్ రాయునది.

పెట్టాం. ఒకసారి పెట్టాం. ఆ డంపర్ ఆరు నెలలు షెడ్డులో నిలబడింది. కాని ఆ ఫైలులో ఒక్క తప్పు చూపించమను, చూద్దాం. నన్ను పట్టుకుని మహాప్రభో అంటావా? ఏ వస్తువుకా వస్తువు మంచిదే వచ్చింది. వాటికి ఒకదానితో ఒకటి పడకపోతే స్టోర్స్ ఏం చేస్తుంది?

అయినా సరుకు వాపస్ చేసి మళ్ళీ టెండర్ పిలుస్తున్నాను. ఈసారి మొత్తం సెట్టు, గ్రాఫిక్స్ కార్డుతో సహా, ఒకరి దగ్గరే. మూడు కంపెనీలకు కవర్లు రాసి పోస్టు చేయమని మీ అమ్మకిచ్చాను. పద్దెనిమిదిన తెరుస్తాను. తక్కువ రాసినవాళ్ళకే ఆర్డర్, మాట తప్పను.

ఇట్లు,
జయప్రకాశ్

తా.క.: పప్పుల ఉప్పు ఎక్కువైందని ఇద్దరు చెరొక చీటీ పంపిన్రు. అది గూడ నోటితోని చెప్పరా? నా మోకాళ్ళు పోతున్నయ్. – హైమ

మణుగూరు, 19వ తారీఖు

స్టోర్ కీపర్ గారికి, సాహిత్య రాయునది.

సుజనక్క ఫోన్ చేసింది. ఫైలు నడుస్తోందని చెప్పాను. అవతల నవ్వి పెట్టేసింది. నాకు ఏడుపొచ్చింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది మీరే.

ఇప్పుడు ఊరూ పేరూ తెలియని తిరుమల ట్రేడర్స్‌కి ఆర్డర్ ఇచ్చారు. పది రూపాయలు తక్కువట! ఈసారి కూడా తప్పు సరుకు వస్తే నేను హైదరాబాద్ వెళ్ళి హాస్టల్లో ఉంటాను. మీరు ఆ ఫైలుకే అన్నం పెట్టుకోండి.

ఇట్లు,
సాహిత్య

తా.క.: వాళ్ళ కవరు మీద పసుపు వేలిముద్ర ఉంది. వ్యాపారం సంగతేమో గాని భక్తి మాత్రం ఉంది.

మణుగూరు, 24వ తారీఖు

సాహిత్యకు, బాపు రాయునది.

సరుకు ఇరవైన వచ్చింది. అన్నీ నువ్వడిగిన నంబర్లే. నాలుగు రోజుల్లో పని ముగించి ఇవాళ వీడియో పంపేశావు. సంతోషం. కాని నంబర్లు కొట్టేసిన నాకు సరిగ్గా అవే ఎలా వచ్చాయని అనుమానమొచ్చి, కంపెనీ అడ్రసు తనిఖీకి బయల్దేరాను. ఎక్కువ దూరం పోలేదు. అది మన ఇంటి వెనక తలుపు.

మీ అమ్మ రోట్లో పచ్చడి నూరుతూ, తలెత్తకుండా చెప్పింది: "అవ్, నేనే. మూడు కవర్లల్ల ఒకటి పోస్టు చెయ్యలే, దాని జాగల తిరుమల ట్రేడర్స్ పేరుతోని నా కవర్ పెట్టిన. మీరు కొట్టేసిన నంబర్లు ఫైలుకెల్లి రాసుకొని ఖమ్మం పోయిన. పొద్దంత దుకాణంల కూసొని బేరమాడిన. ఏంది ఇప్పుడు?"

ఇంటి మనిషి దగ్గర కొనడం రూల్సుకు విరుద్ధం. కోపంతో నా మీద నేనే మెమో రాసుకున్నాను. ఆర్డర్ రద్దు చేద్దామని కొటేషన్ మళ్ళీ తీస్తే, ఏడో షరతు కనబడింది: "సరుకు పని చేసిన తర్వాత తండ్రీకూతుళ్ళు నోటితోనే మాట్లాడుకోవాలి. ఉత్తరాలు మోయబడవు. షరతు తప్పితే సరుకు వాపస్." కింద నా సంతకం. ఇరవై తొమ్మిదేళ్ళలో చదవకుండా పెట్టిన సంతకం ఇదొక్కటే.

అందుకే ఈ ఉత్తరం నేనే తెచ్చి నీ తలుపు కింద తోస్తున్నాను. కోచింగ్ మాట ఫైల్లోంచి తీసేశాను. తలుపు తియ్యి బిడ్డా.

ఇట్లు,
తలుపు అవతల నిలబడ్డ
బాపు

తా.క.: దాంట్లో డంపర్ నడిపే ఆట ఉందట కదా. నోటితో అడగడానికి సిగ్గుగా ఉంది. దీన్నే ఇండెంట్ అనుకో. మార్జిన్ వదిలాను.