అమ్మాయి అడిగితేనే

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాస్తున్నది. ఒంట్లో కులాసాగానే ఉన్నాను, మనసు సంగతి కింద చదివితే తెలుస్తుంది. నువ్వూ చెల్లీ క్షేమమని తలుస్తాను. ఫోన్లో నీకు సరిగా వినపడదు, ఇదేమో అరిచి చెప్పే మాట కాదు. అందుకే ఉత్తరం.

ముందు నువ్వడిగినవి. వేళకే తింటున్నాను. జుట్టు రాలడం ఆగలేదు. కొత్త గది కిటికీకి ఎదురుగా గోడే ఉంది కాబట్టి చలిగాలి బాధ లేదు. నాన్న బూట్లు ఎవరికైనా ఇచ్చెయ్యనా అన్నావు. దానికి చివర్న చెబుతాను.

"ఇంతకీ ఆ గ్యాసు బావి విషయంలో మీ నాన్న ఎందుకు పొరబడ్డారే?" అని కూడా రాశావు.

నేల కింద గ్యాసు రెండు రకాలుగా పుడుతుందమ్మా. పైపై బురదలో సూక్ష్మజీవులు చేసేది ఒకటి. మా దగ్గర అది దొరికినా కొంచెమే. బాగా లోతున, రాతిలో కోట్ల ఏళ్లు వేడికి మగ్గి పుట్టేది రెండోది. అది తగిలితే ఇంకా తవ్వచ్చు. రెండింట్లో కార్బన్ బరువు వేరు, లోతుదే బరువెక్కువ. ఆ తేడా చూసి ఏది ఎక్కడిదో తేల్చడమే నా మిషను పని.

ఆ రోజు నాన్న బావిలోంచి వచ్చిన బురద చేతిలోకి తీసుకుని, "కిరసనాయిలు వాసనమ్మా, ఇది లోతుది" అన్నారు. తవ్వకం దగ్గర అందరూ ఊరికే ముక్కు మేస్త్రీ అన్నారా ఆయన్ని! నేను రాతిపొడి డబ్బాల్లోకి ఎత్తి మూతలు బిగిస్తున్నాను. మూత పెట్టేముందు సూక్ష్మజీవుల్ని చంపే మందు నాలుగు చుక్కలు వెయ్యాలి. లేకపోతే అవి డబ్బాలోనే గ్యాసు చేసేస్తాయి, మిషను మోసపోతుంది.

"మందు వేశావా అమ్మడూ?"

"నాకే నేర్పుతున్నావా నాన్నా?" అన్నాను, అందరి ముందూ. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. అవతల జీపు హారన్ కొడుతోంది.

వెయ్యలేదమ్మా. గదికి వచ్చాక చూస్తే మందు సీసా నిండుగా ఉంది. నాలుగు చుక్కలకేమవుతుందిలే అనుకున్నాను. మిషను పైపై గ్యాసే అంది, నేను అదే రాసి సంతకం పెట్టాను. బావిని సిమెంటుతో పూడ్చేశారు. నాన్నను స్టోరులో కూర్చోబెట్టారు. "ముక్కు మేస్త్రీకి జలుబు చేసింది" అని ఎగతాళి. ఆయన మాత్రం పోయేదాకా, "నా కూతురి మిషను అబద్ధం చెప్పదు" అనేవారు. నీతోనూ అదే అన్నారు.

మొన్న స్టోరు ఖాళీ చేస్తూ ఆయన సామాను తీసుకెళ్లమని నన్ను పిలిచారు. బీరువాలో ఆయన పాత చొక్కా కింద ఒక డబ్బా. అదే బావి, అదే తేదీ. మూత మీద నాన్న చేతిరాత: "మందు వేసినది. అమ్మాయి అడిగితేనే ఇవ్వవలెను."

మూడుసార్లు మిషనులో పెట్టి చూశాను. బరువైన గ్యాసే. నాన్న పొరబడలేదు.

నిన్న పెద్దసారుకి ఉన్నదున్నట్టు రాసిచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు.

అమ్మా, ఆ డబ్బా పక్కనే ఆయన రెండేళ్లు కూర్చున్నారు. నేను వారం వారం వెళ్లి, టీ తాగుతూ, "ఏంటి నాన్నా కబుర్లు?" అనేదాన్ని. "నా దగ్గరేముంటాయమ్మడూ, నువ్వే చెప్పు" అనేవారు. అని, నేను టీ తాగడం అయ్యేదాకా నా మొహంలోకే చూసేవారు.

బూట్లు ఎవరికీ ఇవ్వకు. నన్ను రమ్మంటావో వద్దంటావో, అదొక్కటి రాయి.

ఇట్లు,
నీ జవాబు కోసం కాచుకున్న
నీ పెద్దకూతురు