రౌటర్‌లో కనిపించిన ఫోన్

మంగళవారం రాత్రి, కాగజ్‌నగర్

సాయంత్రం పాప ట్యాబ్‌లో నెట్ మాటిమాటికీ ఆగిపోతుంటే రౌటర్ లాగ్, అంటే ఏ పరికరం ఎప్పుడు కలిసిందో చెప్పే జాబితా, తెరిచి చూశాను. ఒక్కో పరికరానికి వేరుగా ఉండాల్సిన ఐపీ అడ్రస్ నంబర్‌ను రెండు పరికరాలు వాడుతున్నాయన్న హెచ్చరిక పదేపదే కనిపించింది. ఒకటి ట్యాబ్. రెండోదాని పేరు మళ్లీ చదివాను. అది మా ఆయన ఫోన్. ఆ అడ్రస్‌ను కరీంనగర్ ఇంట్లో ఉండగా తన ఫోన్‌కు తనే పెట్టుకున్నాడు. దెబ్బలు భరించలేక పాపతో వచ్చేసినప్పుడు, నా ఆఫీసు పనికి కావాలని ఆ ఇంట్లోని ఈ రౌటర్‌నే తెచ్చుకున్నాను. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు; దగ్గరికి వస్తే ఆయన ఫోన్ దానంతటదే కలుస్తుంది. ఎంత పిచ్చిదాన్ని!

అవ్వకు, అదే మా అమ్మకు, చెప్పాను.

"గాయన కరీంనగర్ల ఉన్నడు గదా బిడ్డా, ఎందుకు పరేషాన్ అయితవు?"

"గీ వైఫై మన గల్లీ గూడ దాటదు అవ్వా. ఆయన ఈడికి వచ్చిండు. బయట్నే ఉన్నడు."

అవ్వ తలుపు గడియ పెట్టి, పాపను ఒడిలోకి లాక్కుంది. మంచిర్యాలలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. బయల్దేరాడు, ఇంకా రాలేదు.

ఈ ఇంటి జాడ ఆయనకు ఎవరు చెప్పారో...

పాస్‌వర్డ్ మార్చాక హెచ్చరికలు ఆగిపోయాయి. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే తట్టింది, ఆయన ఫోన్‌లో వైఫై పోయి ఉంటుంది. నేను చూశానని ఆయనకూ తెలిసిపోయింది.