ఏడో నెలలో దాటిన వల

లంబాలైన్, పోర్ట్‌బ్లెయిర్
14 ఆగస్టు 2024

మాయాబందర్ పుట్టింట్లో ఉన్న తవిటమ్మ వదినకు, నీ ఆడపడుచు రాజకుమారి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి కానీ అబద్ధంతో మొదలుపెట్టలేను. నా ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఈ ఉత్తరం. నా తెలుగు రాత కోడిగీతలని నవ్వేదానివి కదా, ఇంకొక్కసారి ఓపిక పట్టు.

నీ పసిబాబు పోయి పదకొండు నెలలైంది. మల్లేశు అన్నయ్య చేపల వేటకు వెళ్తాడు, వస్తాడు, నీ పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతాడు. అమ్మది ఇప్పటికీ ఒకటే మాట: "కడుపుతో వల దాటింది. మరేటవుద్ది?"

వదినా, బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని, నా మాట విను. బాబును చూసిన చెన్నై డాక్టరు చెప్పింది ఆ రోజు నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. బిడ్డ రూపు కట్టే మొదటి వారాల్లో కొన్ని కణాలు మెడ దగ్గర బయలుదేరి పేగు చివరిదాకా నడిచి వెళ్లాలి. పేగును కదిలించే నరాలయ్యేవి అవే. వాటికి కళ్లుండవు. కణాల మధ్య సన్నటి పోగులతో, జిగురుతో అల్లుకున్న పదార్థం ఉంటుంది, దాన్ని పట్టుకుని పాకుతాయి. పట్టు దొరికిన వైపు సాగుతాయి, దొరకని చోట ఆగిపోతాయి. మన బాబుకు చివరి నాలుగు వేళ్ల మేర అవి చేరలేదు. అందుకే తాగిన పాలు కదలక పొట్ట ఉబ్బింది. ఆ అల్లిక ఎందుకు తప్పిందో డాక్టరుకే తెలియదట. తల్లి తప్పు మాత్రం కాదన్నాడు.

ఆ నడక మూడో నెలలోపే ముగిసిపోతుంది. నువ్వు వల దాటింది ఏడో నెలలో.

అమ్మకూ బొమ్మ గీసి చూపించాను. బొమ్మ బాగుందంది.

అన్నయ్య వచ్చి నిన్ను తీసుకెళ్తాడని ఆశ పెట్టను, నాకే ఆ ఆశ లేదు. ఆ పాపం నీది కాదని మాత్రం నమ్ము.

ఇట్లు,
నీ రాజకుమారి

తా.క.: నువ్వు వల దాటావని అమ్మకు చెప్పింది నేనే, అదీ డాక్టరు మాట విన్నాక. ఆ రోజు గుమ్మంలోంచి నేను పిలిస్తేనే నువ్వు దాటి వచ్చావు, అది మాత్రం దాచాను. నాకిప్పుడు మూడో నెల. నిన్న జెట్టీ మీద వల పరిచి ఉంటే, ఆ ఎండలో చుట్టూ తిరిగి వెళ్లాను.