మన వీధి మీద గీత

జూన్ 11, మంగళవారం

చిరంజీవి తమ్ముడిని అక్క మనసారా దీవించి రాస్తున్న సంగతులు.

మీ బావ మోకాలు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. అడిగి తెలుసుకునే దారి నేనే మూసుకున్నాను కాబట్టి అనుకోవడమే.

ఫోను చెయ్యొచ్చు కదా అని నీకు అనిపించవచ్చు. రెండేళ్ళు మాట్లాడకుండా ఉన్నాక మొదటి మాట ఏమనాలో తెలియలేదు. కాగితమైతే కొట్టేసి మళ్ళీ రాయొచ్చు.

నిన్న పొద్దున మీ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. నెత్తిన టోపీ, చేతిలో తనకంటే పొడుగున్న కొలత కర్ర. వీధి ఎత్తులు మళ్ళీ కొలుస్తున్నారట. మంచినీళ్ళు అడిగితే కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టి ఇచ్చాను. గోడ మీద నీ ఫొటో చూసి, ఈయన మా సారు కదండీ అంది. మా తమ్ముడు అన్నాను. ఆ మాట అని ఎన్నాళ్ళయిందో.

కాసేపటికి తనే చెప్పింది. వరద మ్యాపులో నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయి, లోపల ఏమీ కట్టకూడదు అని మన వీధి మీద గీత గీసింది తనేనట. తిట్టుకుంటే నన్ను తిట్టుకోండి, ఆయన్ని కాదు అంది. ఆ మ్యాపు షీటులో మా అక్క ఇల్లుందని పై అధికారికి రాసిచ్చి నువ్వు పక్కకు తప్పుకున్నావట. గీత ఎటు పడుతుందో ఆఫీసులో అందరికీ తెలుసట. తెలిసినా నోరు మెదపకూడదట. కంప్యూటరులో మ్యాపులు చేసే మీ జీఐఎస్ పనిలో పరీక్ష పాసైతే చాలదనీ, సొంతవాళ్ళ లాభనష్టాలున్న పని ముట్టుకోబోమని, మ్యాపు ప్రకటించేదాకా బయట చెప్పబోమని సంతకం పెడితేనే సర్టిఫికెట్ ఇస్తారనీ చెప్పింది. ఇవేవీ నువ్వు నాకు విడమరిచి చెప్పలేదు. నేను అడిగితే కదా. మ్యాపులు చేస్తాడంటే రంగులు వేస్తాడనుకున్నాను.

ఇప్పుడు ఆ సర్టిఫికెట్ గడువు తీరిందట, కొత్తది ఇవ్వకుండా ఆపారట. గీత సంగతి నువ్వు మా ఇంట్లో ముందే చెప్పావని ఎవరో పేరు లేని ఉత్తరం రాశారట. శుక్రవారం సర్టిఫికెట్లు ఇచ్చే కమిటీ ముందు నువ్వు జవాబు చెప్పుకోవాలట. నీ తప్పని తేలితే ఇక ఏ మ్యాపు మీదా నీ సంతకం చెల్లదట. ఆయన నిజంగా చెప్పారా అండి అని ఆవిడ అడిగింది. పెరట్లోకి తీసుకెళ్ళి నడుమెత్తున ఆగిపోయిన కుట్టు గది గోడలు చూపించాను. ముందే తెలిస్తే ఇవెందుకు లేపుతామమ్మా అన్నాను. ఆవిడ వాటి చుట్టూ ఒకసారి తిరిగి, ఈ మాట మీరొచ్చి కమిటీకి చెబితే ఆయన గట్టెక్కుతారు అంది. నేను గ్లాసు కడగడానికి లోపలికి వెళ్ళాను.

ఇటుకలు దించుతున్న రోజు నువ్వు వచ్చావు, గుర్తుందా. నలుగురు ఆడవాళ్ళు కూర్చుని కుట్టుకునే గది, కిటికీ ఎటు పెట్టమంటావు అని అడిగాను. నన్ను అడగొద్దక్కా అన్నావు. ఎన్నడూ లేనిది టీ సగం వదిలేసి వెళ్ళావు. మూడు వారాలకు మ్యాపు వచ్చింది, దాని వెనకే గది ఆపమని కాగితం వచ్చింది. నీకు తెలుసు, తెలిసీ చూస్తూ కూర్చున్నావు అని ఫోనులో అరిచాను. అవునక్కా, తెలుసు అన్నావు. అబద్ధం చెప్పినా సర్దుకుపోయేదాన్నేమో. ఇక మా గడప తొక్కొద్దన్నాను. నువ్వు తొక్కలేదు. చెప్పిన మాట వినడం నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

వరద వచ్చి ఆ గీత నిజమై ఉంటే ఈ ఉత్తరం రాయడం తేలికయ్యేది. రెండు వానాకాలాలు పోయాయి, నీళ్ళు వీధి మలుపు కూడా దాటలేదు. మీవాడి గీత చూసి ఏరు జడుసుకుందే అంటాడు మీ బావ. ఆయనకు నీ మీద కోపం రెండు రోజులే. నాదే బిగుసుకుపోయింది.

పెద్ద గుడ్డలు కత్తిరించేటప్పుడు టేపు రెండో కొస పట్టుకునే మనిషి లేడు. నువ్వైతే వేలితో నొక్కిపెట్టి, ఊఁ చదువక్కా అనేవాడివి. ఇప్పుడు దాని మీద ఇస్త్రీపెట్టె పెడుతున్నాను. ఆదివారం సాయంత్రం ఫోను మోగితే మీ బావ నా ముఖం చూస్తాడు, నేను ఫోను చూస్తాను. ఎవరో జాకెట్టు చేతులు పొట్టి చెయ్యమని. కొలతల పుస్తకంలో నీ చొక్కా పేజీ అలాగే ఉంది. రెండేళ్ళలో మనిషి ఒళ్ళు మారుతుంది, అది ఇంకా పనికొస్తుందో లేదో. ఆ పేజీ వచ్చినప్పుడు కొంచెం మెల్లగా తిప్పుతాను.

ఆవిడ ఇవాళ సాయంత్రం దాకా మన వీధిలోనే ఉంటుంది. ఈ ఉత్తరం ఆవిడ చేతికే ఇచ్చి పంపుతున్నాను. వేళకు తిను.

ఇక్కడికి ఆపుతున్నాను.

నీ అక్క

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ తీశాను. ఆ రోజు ఫోనులో నువ్వు ఇంకో మాట కూడా అన్నావు, అది పైన రాయలేదు. చెబితే నా సర్టిఫికెట్ పోతుందక్కా అన్నావు. అక్క కంటే అదే ఎక్కువైందా, పోతే పోనీ అనుకున్నాను. ఆ వారంలోనే కమిటీకి పేరు లేని ఉత్తరం రాశాను. నువ్వు చెప్పావని రాశాను, చెప్పలేదన్న కోపంతో. ఎన్నాళ్ళకీ ఏమీ జరగకపోతే అది ఎక్కడో పోయిందనుకున్నాను. సర్టిఫికెట్ గడువు తీరేదాకా దాచి ఉంచారని నిన్నే తెలిసింది.

శుక్రవారం నేను వస్తున్నాను. నా పేరూ సంతకమూ పెట్టిన కాగితం కమిటీకి ఇస్తాను, అడిగితే నోటితోనూ చెబుతాను. మీ బావకు ఇందాకే చెప్పాను. బస్సు వేళలు కనుక్కోవడానికి వెళ్ళాడు. నా ముఖం చూడాలనిపించకపోతే నువ్వు నాతో మాట్లాడనక్కర్లేదు, పని కాగానే వెళ్ళిపోతాను. వెళ్ళే ముందు దూరం నుంచి నిన్ను ఒకసారి చూస్తాను. దానికి మాత్రం నీ అనుమతి అడగడం లేదు.